కొస దొరికితే మాట దొరుకుతుంది

సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే తెలుగు చెవిన పడుతుంది. తెలంగాణ నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వలస వచ్చి అక్కడే స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. మా అక్కావాళ్లూ అక్కడే ఉంటారు. మొన్న వెళ్లేసరికి పదో తరగతి చదివే మా మేనకోడలు నోట్‌బుక్ ముందేసుకుని దిగాలుగా కూర్చుంది. ఎస్, యు, ఆర్, ఏ, టి. ఊరి పేరులోని ఈ అయిదు అక్షరాలూ ఉన్న ఇంగ్లిషు మాటలు, వీలైనంత పొడవైనవి, రాసుకురమ్మన్నారట.

"నాకు ఇంగ్లిషే సరిగ్గ రాదు మామా. గంత పెద్ద మాటలు నాకెట్ల దొరుకుతయి?"

పెద్ద మాటలు పెద్ద చదువులవాళ్లవని ఈ అమ్మాయిలా భయపడే పిల్లలు నాకు చాలామంది తెలుసు. ఆ భయం పోవాలి, పోగొట్టవచ్చు కూడా.

"మెజర్‌మెంట్ అను" అన్నాను. అంది. "యు వినపడ్డదా?" లేదంది. ఎస్ కూడా ఎస్‌లా వినపడదు. "ఇప్పుడు రాయి." రాసింది. అయిదూ ఉన్నాయి! మనం తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి ఇంగ్లిషు మాటల్నీ చెవితో వెతుకుతాం. అక్కడ తప్పిపోతాం. ఇంగ్లిషు మాట కంటికే దొరుకుతుంది. అందుకని మీరూ మనసులో అనుకుంటూ కూర్చోకండి, కాగితం మీద పెట్టండి. రెస్టారెంట్ రాయండి, శాటర్‌డే రాయండి. రెండింట్లోనూ సూరత్ మొత్తం ఉంది. శాటర్‌డే అయితే తను వారం వారం రాసేదే.

రెండో సంగతి మా బావ పని చూసి చెప్పాను. పోగు తెగితే ఆయన గుడ్డంతా తడమడు. సాంచా ఆపి, తెగిన కొస ఎక్కడుందో చూసి, ముడి వేసి మళ్లీ నడిపిస్తాడు. పొడవు మాటలకూ కొసలుంటాయి, అవీ కొన్నే: టి-ఐ-ఓ-ఎన్, ఎం-ఇ-ఎన్-టి, టి-యు-ఆర్-ఇ. ఈ చివరిది పట్టుకుంటే అయిదింట్లో మూడు అక్షరాలు ఒక్కసారే చేతికొస్తాయి. ఇక కావలసింది ఎస్, ఏ. ముందు పి-ఏ-ఎస్ చేర్చండి, పాశ్చర్ వచ్చింది. పచ్చిక బయలు. అదే కొసకు 14 అక్షరాల ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కూడా దొరికింది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఇండస్ట్రీ రాయండి. ఏ ఒక్కటే తక్కువ. చివరి వై తీసేసి ఐ-ఏ-ఎల్ తగిలిస్తే ఇండస్ట్రియల్, లెక్క సరిపోయింది. ఆగకండి. ఇంకొంచెం నేస్తే ఇండస్ట్రియలైజేషన్. ఎస్‌తో రాసినా జెడ్‌తో రాసినా 17 అక్షరాలు. మా అమ్మాయి వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. పదిహేడక్షరాల మాటను ఎవరూ ఒక్క గుక్కలో నేర్చుకోలేదు. తెలిసిన చిన్న మాటకు ఒక్కో ముక్క అతుక్కుంటూ వచ్చిందంతే.

అక్షరాలు ముందు ఇచ్చి మాట అడగడం మనకు కొత్తేమీ కాదు. అవధానంలో న్యస్తాక్షరి అదే. పద్యంలో ఫలానా పాదంలో, ఫలానా చోట, ఫలానా అక్షరం పడాలని పృచ్ఛకుడు అడుగుతాడు. అవధాని ఛందస్సు తప్పకుండా అక్కడే దాన్ని నిలబెడతాడు. ఇంగ్లిషువాళ్లకు స్క్రాబుల్ ఉంది. 1930లలో పని పోగొట్టుకున్న ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి ఆ ఆట తయారుచేశాడు. తరచుగా వచ్చే అక్షరానికి తక్కువ పాయింట్లు. సూరత్‌లోని అయిదింటికీ ఒక్కో పాయింటే. అంటే అవి ఇంగ్లిషులో ఎక్కడపడితే అక్కడ దొరికేవే. ఈ మాట చెప్పగానే పిల్ల ముఖం విప్పారింది.

2015లో ఫ్రెంచ్ మాట్లాడటం రాని నైజెల్ రిచర్డ్స్ అనే న్యూజిలాండ్ ఆటగాడు ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. సాధన ఎంతదూరం తీసుకెళ్తుందో అది చెబుతుంది. కానీ ఆ దారి నేను పిల్లలకు చెప్పను. అర్థం తెలియని మాట ఆటలో గెలిపిస్తుందేమో గానీ ఇంటర్వ్యూలో నోటికి రాదు. రోజుకు ఒక్క మాట, అర్థంతో, సొంత వాక్యంతో రాసుకోండి. ఈ ఊళ్లో పుట్టిన కవి నర్మద్ ఏళ్ల తరబడి మాటలు కూర్చి 1873లో 'నర్మకోశ్' అనే గుజరాతీ నిఘంటువు వెలువరించాడు. ఆయన కూర్చినదీ ఒక్కొక్క మాటే.

అక్షరాలను కదిలించడం మాత్రం మరిచిపోవద్దు. వరుసగా రాస్తే కళ్లు ఆ వరుసకే అతుక్కుంటాయి. గుండ్రంగా రాయండి, అచ్చులు లోపల, హల్లులు బయట. ఆమె అలా రాసి తిప్పి చూస్తూ ఉన్నట్టుండి "సూత్ర!" అంది. నిజమే, అవే అయిదు అక్షరాలు. సంస్కృతం నుంచి వెళ్లి ఇంగ్లిషు నిఘంటువులో చేరిన మాట. దాని అసలు అర్థం దారం. ఆ ఇంట్లో ఆ మాట దొరకడం నాకెంత సంతోషమైందో! పక్క గదిలోంచి బావ కూడా వచ్చి కాగితం చూసి వెళ్లాడు.

మర్నాడు నన్ను స్టేషన్‌కు దింపడానికి అందరూ వచ్చారు. ఆటో రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్ల పక్కనుంచి వెళ్తోంది. అమ్మాయి నా మోచేయి పట్టి లాగింది. ఒక బోర్డు మీద మ్యానుఫ్యాక్చరర్స్ అని పెద్ద అక్షరాలతో ఉంది.

"పదమూడు, మామా. చివరకు ఎస్ ఉన్నది, సూడు!"