విమానంలో ఆత్మరక్షణ

వడ్లమూడి, చేబ్రోలు, తెనాలి ప్రాంతాల వారికి ఈనాడు విమానం కొత్త వస్తువేమీ కాదు. అన్న చదువుకోసం అమెరికా వెళుతున్నాడనో, అక్క పురిటికి సాయంగా అమ్మ వెళుతున్నదనో గన్నవరం దాకా సాగనంపి వచ్చినవాళ్ళు మీ తరగతిలోనే నలుగురైదుగురు ఉంటారు. రేపు మీరూ ఎక్కుతారు. ఎక్కి కూర్చోగానే సిబ్బందిలో ఒకరు నడవలో నిలబడి బెల్టు ఎలా పెట్టుకోవాలో, మాస్కు ఎలా తగిలించుకోవాలో, ద్వారాలు ఎక్కడున్నాయో చూపిస్తారు. ఆ కాసేపూ చాలామంది కిటికీలోంచి చూస్తూనో, ఫోను నొక్కుతూనో గడిపేస్తారు. నిజానికి అక్కడ చెప్పే ప్రతి మాట వెనుకా మీ పాఠ్యపుస్తకంలోని భౌతికశాస్త్రమే ఉన్నది. కారణం తెలియని మాట ఆపద సమయంలో గుర్తుకు రాదు. కనుక ఆ మాటలను కారణాలతో సహా పరిశీలిద్దాం.

వరిచేలో దిగిన విమానం

1993 నవంబరు 15న ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఎ-300 విమానం ఒకటి మద్రాసు నుంచి హైదరాబాదుకు బయలుదేరింది. సిబ్బందితో కలిపి అందులో 262 మంది ఉన్నారు. అప్పట్లో హైదరాబాదు విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. అక్కడ రన్‌వే సరిగా కనబడకపోవడంతో పైలట్లు దిగే ప్రయత్నం మానుకొని విమానాన్ని మళ్ళీ పైకి లేపారు. అప్పుడు వచ్చింది చిక్కు. దిగడానికి దించిన ఫ్లాపులు తిరిగి లోపలికి ముడుచుకోలేదు.

ఫ్లాపులంటే రెక్కల వెనుక అంచున ఉండే పలకలు. విమానం నెమ్మదిగా పోయేటప్పుడు కూడా గాలిలో నిలబడాలంటే వాటిని కిందికి దించాలి. దించినప్పుడు రెక్కను పైకెత్తే బలం పెరుగుతుంది. దానితోపాటు గాలి నిరోధమూ పెరుగుతుంది. గొడుగు విప్పి పట్టుకొని ఎదురుగాలిలో సైకిలు తొక్కితే ఎలా ఉంటుందో మీకు తెలుసు గదా! ఆ విమానం పని కూడా అంతే అయింది. మద్రాసుకు తిరుగుముఖం పట్టింది కాని, దారిలోనే ఇంధనం హరించుకుపోసాగింది. మద్రాసు అందదని తేలింది. దగ్గరలో ఉన్న తిరుపతి కూడా అందలేదు. చివరకు తిరుపతి సమీపాన వరిపొలాల్లో దించేశారు. ఆ విమానం మరి ఎగరడానికి పనికిరాలేదు. కాని అందులోని 262 మందిలో ఒక్కరి ప్రాణమూ పోలేదు.

ఇదెలా సాధ్యమయింది? ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఈ లెక్కలోని అంకెలు ఆ విమానానివి కావు, సులభంగా ఉండటానికి మనం అనుకున్నవి. సెకనుకు 70 మీటర్ల వేగంతో నేలను తాకిన విమానం 500 మీటర్లు జారి ఆగిందనుకోండి. వేగం వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే, 4900ను 1000తో భాగించినట్లు, మందగమనం 4.9 వస్తుంది. ఇది భూమ్యాకర్షణ త్వరణంలో సగం. బెల్టు పెట్టుకున్న మనిషికి ఇది ఏమంత పెద్ద దెబ్బ కాదు. అదే విమానం కొండకు కొట్టుకొని 5 మీటర్లలో ఆగితే మందగమనం వంద రెట్లు అవుతుంది, అంటే భూమ్యాకర్షణకు 50 రెట్లు. చూశారా, మనిషిని కొట్టేది వేగం కాదు. ఆ వేగం ఎంత దూరంలో చచ్చిందన్నదే ముఖ్యం.

అన్ని ప్రమాదాలూ ఇలా ముగియవు. 2025 జూన్ 12న అహమ్మదాబాదులో కూలిన విమానంలోని 242 మందిలో ఒక్కరే మిగిలారు. అటువంటి చోట ప్రయాణికుడు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, ఉన్నదని చెప్పడం అబద్ధమే. అయితే విమాన ప్రమాదాలన్నీ అటువంటివే అనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలో 1983 నుంచి 2000 వరకు జరిగిన పెద్ద విమాన సంస్థల ప్రమాదాలను అక్కడి రవాణా భద్రతా సంస్థ లెక్క గట్టి చూసింది. ఆ ప్రమాదాల్లో చిక్కుకున్నవారిలో నూటికి 95 మందికి పైగా బతికారు. మన ఆత్మరక్షణ విద్య అంతా అటువంటి ప్రమాదాల కోసమే.

బెల్టు

గుంటూరు నుంచి తెనాలి పోయే బస్సులో నిలబడి ఉన్నప్పుడు వడ్లమూడి దగ్గర డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలుతారు. ఇది జడత్వం. బస్సులో జడత్వం ముందుకో వెనక్కో తోస్తుంది. విమానంలో అది పైకి కూడా విసురుతుంది.

2024 మే 21న లండన్ నుంచి సింగపూరు పోతున్న విమానం ఒకటి మయన్మారు దేశం మీద గాలి అలజడిలో చిక్కుకొన్నది. 0.6 సెకనులోనే లోపలివారిపై పనిచేసే త్వరణం భూమ్యాకర్షణకు 1.35 రెట్ల నుంచి, తలకిందులై, పైదిశగా 1.5 రెట్లకు మారిపోయింది. అంటే 50 కిలోల బరువున్న పిల్లవాణ్ణి ఎవరో 75 కిలోల బలంతో పైకప్పుకేసి లాగినట్లు. బెల్టు లేనివారు సీట్లలోంచి లేచిపోయారు, ఆ తరువాత కింద పడ్డారు. చాలామందికి తలకు, వెన్నుకు దెబ్బలు తగిలాయి. ఒక ప్రయాణికుడు మరణించాడు. 0.6 సెకను అంటే కనురెప్ప ఒకటి రెండుసార్లు కొట్టినంత సేపు. ఆ వ్యవధిలో ఎవరూ బెల్టు పెట్టుకోలేరు. నిర్మలమైన ఆకాశంలో కూడా ఇటువంటి అలజడి ఉండవచ్చు, రాడారుకు కనబడదు. అందుచేత దీపం ఆరినా, కూర్చున్నంతసేపూ బెల్టు తీయకండి.

దిగిన తరువాత కూడా తొందరపడవద్దు. 2021 ఫిబ్రవరి 20న దోహా నుంచి గన్నవరం వచ్చిన విమానం క్షేమంగా నేలమీదికి దిగి, ఆగే చోటికి పోతూ రెక్కతో విద్యుత్ స్తంభాన్ని కొట్టింది. లోపలి 64 మంది ప్రయాణికులకూ ఏమీ కాలేదు. కాని ఆ క్షణంలో లేచి పైఅరలోని సామాను దింపుకుంటున్నవాడి సంగతి ఊహించండి!

బెల్టు పొట్ట మీద కాదు, తొడల పైన ఉన్న తుంటి ఎముకల మీద బిగువుగా ఉండాలి. ఎముక బలాన్ని తట్టుకుంటుంది, పేగు తట్టుకోలేదు. ఇంకొక సంగతి. కారు బెల్టు విప్పడానికి బొత్తాం నొక్కుతాం, విమానం బెల్టుకు మూత పైకెత్తాలి. కంగారులో చేతులు అలవాటైన పనినే చేస్తాయి. లేని బొత్తాం కోసం వెతుకుతూ విలువైన సెకన్లు పోగొట్టుకోవడం జరుగుతుంది. ఎక్కగానే ఒకటి రెండుసార్లు కళ్ళు మూసుకొని పెట్టి, తీసి చూడండి.

గట్టిగా దిగబోతున్నామని సిబ్బంది కేక వేస్తే ముందుకు వంగి తలను ముందు సీటుకు ఆనించాలి. చేతులు తలమీద ఒకదానిపై ఒకటి ఉంచాలి, వేళ్ళు పెనవేయకూడదు. పాదాలు మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి, నేలకు ఆనించి ఉంచాలి. తల ముందే సీటుకు ఆని ఉంటే విసురుగా వెళ్ళి కొట్టుకొనే దూరం ఉండదు. 1989 జనవరిలో ఇంగ్లండులోని కెగ్‌వర్త్ దగ్గర కూలిన విమానంలో 126 మంది ఉండగా 47 మంది మరణించారు. బతికినవారి గాయాలను వైద్యులు ఎముక ఎముకా పరిశీలించి ఈ భంగిమను సరిదిద్దారు. కాళ్ళు విరిగినవాడు నిప్పు నుంచి పరుగెత్తలేడు గదా, అందుకే పాదాల మీద అంత పట్టింపు.

గాలి, ఆవకాయ, తలుపు

మన గుంటూరు సీమవారి సామానులో పచ్చడి లేకుండా విమానం కదలదు. జాడీకి ఎంత గట్టిగా మూత పెట్టినా అమెరికాలో విప్పేసరికి బట్టలకు నూనె అంటుకొని ఉంటుంది. ఎందుకు? విమానం 35,000 అడుగుల ఎత్తున పోయేటప్పుడు బయటి వాయుపీడనం నేలమీది పీడనంలో నాలుగోవంతు కూడా ఉండదు. లోపలికి గాలి నింపుతారు గాని, నేలమీద ఉన్నంత కాదు. సుమారు 8,000 అడుగుల కొండమీద ఉండేంతే, అంటే మామూలు పీడనంలో ముప్పాతిక వంతు. బాయిల్ సూత్రం ప్రకారం జాడీలోని 100 మిల్లీలీటర్ల గాలి 135 మిల్లీలీటర్లు కావాలని తోస్తుంది. అది నూనెను బయటికి నెడుతుంది. మీ చెవిలోని గాలి చేసేదీ అదే. దిగేటప్పుడు చెవి పోటెత్తితే గుటకలు వేయండి, లేదా నోరు, ముక్కు మూసి మెల్లగా గాలి ఊదండి.

లోపలి పీడనానికీ బయటి పీడనానికీ తేడా చదరపు సెంటీమీటరుకు సుమారు 0.55 కిలోలు. విమానం తలుపు వైశాల్యం 18,000 చదరపు సెంటీమీటర్లనుకుంటే దాని మీద పడే బలం పది టన్నులకు దగ్గర. అందుచేత పై ఎత్తున ఏ మనిషీ తలుపు తీయలేడు, ఆ భయం పెట్టుకోనక్కర లేదు. నేలకు దగ్గరైనప్పుడు మాత్రం ఈ తేడా మాయమవుతుంది. 2023 మేలో దక్షిణ కొరియాలో ఒక ప్రయాణికుడు దిగబోతున్న విమానంలో, 700 అడుగుల ఎత్తున, తలుపు తీసేశాడు. అదృష్టవశాత్తు ఎవరూ పడిపోలేదు.

ఏ కారణం వల్లనైనా లోపలి గాలి బయటికి పోతే పైనుంచి మాస్కులు వేలాడతాయి. 35,000 అడుగుల ఎత్తున మనిషికి తెలివి పనిచేసేది 30 నుంచి 60 సెకన్లు మాత్రమే. పైగా ఆక్సిజన్ తగ్గినప్పుడు బాధ తెలియదు, కొందరికి హుషారుగా కూడా ఉంటుంది! అందుకే ముందు మీ మాస్కు, తరువాతే మీ తమ్ముడిది. స్వార్థం లాగా కనబడుతుంది గాని, మీరు స్పృహ తప్పితే ఇద్దరికీ దిక్కు లేదు. మాస్కును గట్టిగా కిందికి లాగాలి. చాలా విమానాల్లో ఆ లాగుడుకే పైన ఒక చిన్న డబ్బాలో రసాయన చర్య మొదలవుతుంది. ప్రయోగశాలలో పొటాషియం క్లోరేటును వేడిచేసి ఆక్సిజన్ తయారుచేస్తారు గదా, ఇక్కడ సోడియం క్లోరేటు. సంచి ఉబ్బకపోయినా గాలి వస్తూనే ఉంటుంది. పావుగంట లోపల పైలట్లు విమానాన్ని 10,000 అడుగులకు దించేస్తారు, అక్కడ మామూలుగానే ఊపిరి అందుతుంది.

తొంబై సెకన్లు

కొత్త రకం పెద్ద విమానానికి అనుమతి ఇవ్వాలంటే, ద్వారాల్లో సగం మూసి ఉంచి, నిండుగా ఉన్న జనమంతా 90 సెకన్లలో బయటపడగలరని నిరూపించాలి. నిప్పు అంత త్వరగా వ్యాపిస్తుంది. నిప్పుకంటే ముందు పొగ చంపుతుంది. 1985 ఆగస్టు 22న మాంచెస్టరులో ఒక విమానం నేల విడవకముందే ఇంజను అంటుకొన్నది. 137 మందిలో 55 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగ పీల్చే. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. వేడి పొగ పైకి చేరుతుంది కాబట్టి వంగి నడవాలి. కళ్ళు కనబడవు కాబట్టి మీ సీటుకూ ద్వారానికీ మధ్య ఎన్ని వరసలున్నాయో ఎక్కగానే లెక్కపెట్టుకోవాలి. ముందు వైపూ, వెనుక వైపూ.

2024 జనవరి 2న టోక్యో హనేదా విమానాశ్రయంలో దిగుతున్న జపాను విమానం రన్‌వే మీది చిన్న విమానాన్ని ఢీకొని మండిపోయింది. చిన్న విమానంలో ఐదుగురు మరణించారు. పెద్ద విమానంలోని 379 మంది మాత్రం ఎనిమిది ద్వారాల్లో మూడింటి గుండానే బయటపడ్డారు. సంచులు లాక్కునే గలాటా వారిలో లేకపోవడం దీనికి ఒక పెద్ద కారణం. పెట్టె పట్టుకున్న మనిషి నడవలో ఇద్దరి చోటు తీసుకుంటాడు. ఆ పెట్టె మూల తగిలి గాలితో నిండిన జారుడుబల్ల చిరిగినా చిరగవచ్చు. పాస్‌పోర్టు జేబులో ఉంచుకుంటే మరి వెతకవలసినదేమీ ఉండదు.

మీ జేబులోని పవర్ బ్యాంకు కూడా నిప్పుకు మూలం కావచ్చు. అది చేతిసంచిలోనే ఉండాలి, సామాను గదిలోకి పోరాదు. అక్కడ అంటుకుంటే ఎవరికీ కనబడదు. 100 వాట్ గంటల లోపు ఉంటే అనుమతి అక్కర లేదు. 20,000 మిల్లీ ఆంపియర్ గంటలని రాసి ఉంటే, అంటే 20 ఆంపియర్ గంటలు, 3.7 వోల్టులతో గుణించండి. 74 వచ్చింది, ఫరవాలేదు. ఫోను సీటు సందులో జారిపడితే సీటును కదిలించకండి. నలిగిన బ్యాటరీ మండుతుంది. సిబ్బందిని పిలవండి.

నీళ్ళ మీద దిగితే లైఫ్ జాకెట్‌ను బయటికి వచ్చాకే ఉబ్బించాలి. 1996 నవంబరులో కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో పడిన విమానంలో చాలామంది లోపలే ఉబ్బించుకున్నారు. నీరు నిండేసరికి ఆర్కిమిడిస్ సూత్రం వాళ్ళను పైకప్పుకు అదిమిపెట్టింది. ద్వారం మాత్రం కింద ఉంది.

ఇక మనుషుల వల్ల వచ్చే ఆపద. ఒంటరిగా ప్రయాణం చేస్తున్నప్పుడు పక్కవాడు మీ మీద చెయ్యి వేసినా, తాగి గొడవ చేసినా సిగ్గుపడి ఊరుకోకండి. తల పైనున్న బొత్తాం నొక్కండి, లేదా లేచి గట్టిగా చెప్పండి. అతనితో కలియబడవద్దు. సీటు మార్చమని అడగడానికి మీకు పూర్తి హక్కున్నది. విమానంలో అదుపు తప్పినవాణ్ణి కట్టి ఉంచే అధికారం కూడా కెప్టెనుకు ఉంది. అలాగే, ఎంత తెలిసినవారైనా, ఏముందో మీరు చూడని పొట్లాన్ని మీ సంచిలో పెట్టుకోవద్దు.

ఇంక ఒక ప్రయోగం. తరగతిలో బల్లలను మధ్యలో ఒక్కరు పట్టేంత దారి వదిలి రెండు వరసలుగా పెట్టండి. మాస్టారి అనుమతితో ఒకరు కళ్ళకు గంతలు కట్టుకొని, బల్లలు తడిమి లెక్కపెడుతూ వాకిలి దాకా రావాలి. పరుగు వద్దు, నడకే. మొదటిసారి వరసలు లెక్కపెట్టకుండా, రెండోసారి ముందే లెక్కపెట్టుకొని. మూడోసారి చేతిలో పుస్తకాల సంచితో. గడియారం చూసే పని ఇంకొకరికి అప్పగించి, మూడు కాలాలనూ నోటుపుస్తకంలో పక్కపక్కన రాయండి.