చప్పట్లు వినిపించని వేదిక

2020 ఏప్రిల్ 2. శ్రీరామనవమి. ఏటా ఇసుక వేస్తే రాలనంత జనంతో కిటకిటలాడే భద్రాచలం మిథిలా స్టేడియం ఆ రోజు బోసిపోయింది. లాక్‌డౌన్ కాబట్టి భక్తులకు ప్రవేశం లేదు. సీతారాముల కల్యాణం ఆలయం లోపలే జరిగింది. మనమంతా ఇళ్లలో టీవీల ముందు కూర్చుని చూశాం. నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుండేది ఒక్కటే. ఎదురుగా జనం లేరు కదా అని తంతు తగ్గలేదు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, ముత్యాల తలంబ్రాలు, అన్నీ ఏటా జరిగినట్టే జరిగాయి.

ఆ తర్వాత చాలాకాలం మన పిల్లలకూ అలాంటి వేదికే దక్కింది. బడులు మూతపడ్డాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో వచ్చాయి. పాటలు, ఆటలు, పద్యాలు ఫోన్లలోకి చేరాయి. 9 నుంచి 12వ తరగతి విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్‌నే తీసుకోండి. 2020 సంవత్సరపు జాతీయ పోటీలు 2021 జనవరిలో ఆన్‌లైన్‌లోనే జరిగాయి. గానం, వాద్యం, నాట్యం, చిత్రకళ మొదలుకొని దేశీ బొమ్మలూ ఆటల దాకా తొమ్మిది విభాగాలు. సాహిత్య సభలదీ అదే దారి. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) ప్రపంచ సాహిత్య వేదిక 2020 నుంచి నెలనెలా ఇంటర్నెట్‌లోనే సభలు పెట్టింది. బడులు తెరిచాక కూడా 'వీడియో పంపండి' అనే పిలుపులు ఆగలేదు. ఇక ఆగవు కూడా. అందుకే ఈ వేదిక మీద నిలబడటం నేర్చుకోవాలి.

ఈ వేదిక మనలో ఒకే గుణాన్ని పరీక్షిస్తుంది. చప్పట్లు వినిపించకపోయినా ప్రాణం పెట్టి పని చేయగలమా? ఆ ఒక్కటి అలవడితే పోటీలోనే కాదు, చదువులో, ఉద్యోగంలో, జీవితంలో ఎక్కడైనా అక్కరకొస్తుంది.

'ఇది పోటీకి పనికొస్తుందా?'

లాక్‌డౌన్ వచ్చిన ఆ ఏడు వరికోతల కాలంలో భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెం వైపు ఓ ఊరికి వెళ్లాను. ఆన్‌లైన్ ఉత్సవానికి పాట పంపాలనుకున్న తొమ్మిదో తరగతి అమ్మాయికి సాయం చేయాలని. రేకుల ఇంట్లో గోడకు ఆకుపచ్చ చీర కట్టారు. ముఖానికి పౌడరు, జడలో పూలు. యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న ఓ పేరున్న పాట. పాడుతున్నంతసేపూ అమ్మాయి కళ్లు తెరమీద కనిపిస్తున్న తన ముఖం మీదే ఉన్నాయి. రేకులకు తగిలి గొంతు మారుమోగుతోంది. ఎనిమిదోసారి కూడా మధ్యలో ఆగిపోయి "నాకు రాదు మేడమ్" అని కూలబడింది.

బయట అరుగు మీద వాళ్ల అమ్మమ్మ చేటతో వడ్లు చెరుగుతూ కోయ భాషలో ఏదో పాడుకుంటోంది. అమ్మాయి వెళ్లి పక్కన కూర్చుంది. రెండు నిమిషాల్లో తనకు తెలియకుండానే గొంతు కలిపింది. వణుకు లేదు, తడబాటు లేదు.

"ఇదే పాడొచ్చు కదా?" అన్నాను.

"ఇది మా ఇంట్లో పాట మేడమ్. పోటీకి పనికొస్తుందా?"

అడవి అంచున పెరిగిన పిల్లల్లో చాలామంది మనసులో ఈ ప్రశ్నే ఉంటుంది. మన భాష, మన పాట, మన ఆట వేదికకు చాలవేమోనన్న సంకోచం. ముందుగా తీసేయాల్సిన ముల్లు ఇదే.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యను గుర్తుచేసుకోండి. కంచుమేళం, కంచుతాళం మధ్య సమ్మక్క-సారలమ్మ, పగిడిద్దరాజుల చరిత్రను పాడిన కోయ కళాకారుడు. పుస్తకం చూసి నేర్చుకున్న విద్య కాదది, పెద్దల నోటి నుంచి తన నోటికి వచ్చింది. దేశం 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన ఎవరినీ అనుకరించలేదు. తన వాళ్ల పాటను తన గొంతుతో పాడారు, అంతే. రేల పాట, కొమ్ము నృత్యం, డోలు దెబ్బ మీ ఇంట్లో పుట్టినవైతే వాటిని మీకంటే బాగా ఇంకెవరు చూపించగలరు? వందమంది పంపే పాటనే నూట ఒకటోవారిగా పంపకండి.

అడిగి పాడండి

ఇంటి పాట ఎంచుకున్నాక మొదటి పని రికార్డింగు కాదు, అనుమతి. కొన్ని పాటలు పనిలోవి, కొన్ని పెళ్లివి, కొన్ని వేల్పులవి. వేల్పుల పాటలను జాతరలోనే, వాటికి హక్కున్నవాళ్లే పాడాలన్న కట్టుబాటు ఉండొచ్చు. పెద్దలను అడగండి. వద్దంటే మారుమాట లేకుండా మరో పాట ఎంచుకోండి. సరేనంటే దాని అర్థం, సందర్భం, ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలుగు లిపిలో రాసుకోండి. పాటకు ముందు తెలుగులో రెండు వాక్యాలు చెప్పండి: "ఇది వడ్లు చెరిగేటప్పుడు పాడుకునే పాట. మా అమ్మమ్మ నేర్పింది." కోయ భాష రాని న్యాయనిర్ణేతకు కూడా ఆ రెండు వాక్యాలతో తలుపు తెరుచుకుంటుంది. నేర్పినవారి పేరు చెప్పడం మర్యాద. అది మీ వ్యక్తిత్వాన్ని కూడా చెబుతుంది.

కెమెరా వెనుక ఒక మనిషిని కూర్చోబెట్టండి

జనం ముందు నిలబడితే భయం, కెమెరా ముందు నిలబడితే శూన్యం. ఈ రెంటికీ మందు ఒకటే. ఒక్క మనిషి కోసం పాడండి. ఆ రోజు మేం చీర తెర విప్పేశాం. కళ్లంలోకి వెళ్లాం. తిరగేసిన బకెట్ మీద ఇటుక, ఇటుకకు ఆనించి ఫోన్. ఫోన్ వెనకాల అమ్మమ్మ. అమ్మాయి చూపు ఇక తన ముఖం మీద లేదు, అమ్మమ్మ ముఖం మీద ఉంది. గొంతు మారిపోయింది.

మీకూ అలాంటి ఒకరు ఉంటారు. అమ్మ, స్నేహితురాలు, తెలుగు సారు. వాళ్లను లెన్సు పక్కనే కూర్చోబెట్టండి. ఎవరూ లేకపోతే తలుచుకుని పాడండి. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, మన భక్త రామదాసు, గోల్కొండ చెరలో పన్నెండేళ్లు గడిపాడని చెప్పుకుంటాం. ఆ నాలుగు గోడల మధ్య ఆయనకు సభ లేదు, శ్రోతలు లేరు. మనసులో రాముడొక్కడు ఉన్నాడు. ఆ ఒక్కడితో మాట్లాడిన మాటలే మూడు వందల ఏళ్లకు పైగా ఊరూరా కీర్తనలై మోగుతున్నాయి.

ఫోన్ ఖరీదు కాదు, శ్రద్ధ ముఖ్యం

• రికార్డింగుకు ముందు లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి. వేలిముద్రలు పడితే వీడియో మసకగా వస్తుంది.

• ఫోన్‌ను అడ్డంగా పెట్టండి. వెలుగు మీ ముఖం మీద పడాలి, వీపు మీద కాదు.

• ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేయండి. పాట మధ్యలో ఎవరి ఫోనూ రాదు.

• రేకుల ఇంట్లో, ఖాళీ హాల్లో గొంతు మారుమోగుతుంది. చెట్టు నీడ, కళ్లం, బట్టలు ఆరేసిన గది నయం. ఆరుబయట గాలి ఎక్కువగా ఉంటే మైకు రంధ్రం మీద పల్చటి నూలుగుడ్డ ఒక పొర కప్పండి.

• పది సెకన్లు తీసి వినండి. ఆ తర్వాతే అసలు పాట.

• ఇలాంటి పోటీల్లో మామూలుగా ఇచ్చేది నాలుగు నుంచి ఆరు నిమిషాలు. గడియారం పెట్టుకుని సాధన చేయండి. నిమిషం మిగిలినా నష్టం లేదు, మించితే మాత్రం శ్రమంతా వృథా కావచ్చు.

మూడు టేకులు చాలు

స్టేజీ మీద ఒక్కటే అవకాశం. అందుకే మనసంతా కూడదీసుకుని పాడతాం. ఫోన్‌లో ఎన్నిసార్లయినా తీయొచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. 'మళ్లీ తీద్దాంలే' అన్న ఆలోచన మొదటి అక్షరం దగ్గరే మనసును వదులు చేస్తుంది. పదిహేనోసారికి గొంతు అలిసిపోతుంది, ముఖంలో కళ పోతుంది, పాట మీద విసుగు పుడుతుంది.

కాబట్టి ముందే ఒక నియమం పెట్టుకోండి: మూడే టేకులు. సాధన ఎంతయినా చేయండి, రికార్డింగు మాత్రం మూడుసార్లే. వాటిలో మంచిది పంపండి. చిన్న తప్పు ఉన్నా ఫరవాలేదు. పాటలో ప్రాణం ఉంటే చిన్న తప్పును వినేవాళ్లు మన్నిస్తారు. తప్పొకటీ లేకపోయినా ప్రాణం లేని పాటను గుర్తుపెట్టుకోరు. పరీక్షకైనా, ఇంటర్వ్యూకైనా ఇదే సూత్రం. అవకాశాలకు మనమే హద్దు గీసుకుంటే ఏకాగ్రత తనంతట తానే వస్తుంది.

గోదావరి లెక్క

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నది 71 అడుగులు దాటింది. ఒడ్డున ఉండేవాళ్లు మూడో హెచ్చరిక దాకా ఆగరు. మొదటిది రాగానే మూట సర్దుకుంటారు.

వీడియో పంపే గడువుకూ ఈ లెక్కే పెట్టుకోండి. గడువుకు వారం ముందు మొదటి హెచ్చరిక: రికార్డింగు పూర్తి. మూడు రోజుల ముందు రెండోది: వీడియో, పేరు, తరగతి, పాట వివరాలు అన్నీ సిద్ధం. ముందురోజు మూడోది: ఈసరికి వీడియో వెళ్లిపోయి ఉండాలి. చర్ల, దుమ్ముగూడెం వైపు ఊళ్లలో ఇది మరీ అవసరం. సిగ్నల్ ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో మన చేతిలో లేదు. మేం పంపిన వీడియో సంగతి చూడండి. అమ్మాయి మామయ్య ఫోన్ జేబులో వేసుకుని బండి మీద రోడ్డెక్కాడు. సిగ్నల్ అందే చోట చెట్టు కింద కూర్చున్నాడు. అప్‌లోడ్ అరవై శాతం దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి. రాత్రంతా ఆగి ఆగి తెల్లవారుజామున వెళ్లింది. గడువుకు ఇంకా రెండు రోజులు ఉన్నాయి కాబట్టి ఆ రాత్రి ఎవరికీ గుండెదడ లేదు.

మధ్యలో తెగిపోతే

ప్రత్యక్ష ప్రసారంలో పద్యం చెబుతున్నారు, లింక్ తెగిపోయింది. ఏడవకండి, ఎవరినీ తిట్టకండి. నిర్వాహకుల నంబరు ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. రెండో ఫోన్‌లో లింక్ సిద్ధంగా ఉంచండి. మళ్లీ కలిశాక "లింక్ తెగింది, రెండో పద్యం నుంచి చెబుతున్నాను" అని ఒక్క వాక్యం చెప్పి మొదలుపెట్టండి. సంజాయిషీలు వద్దు. జరిగిన ఆటంకాన్ని ఒక్క వాక్యంలో చెప్పి పనిలో పడిపోయేవాళ్లను రేపు ఏ కార్యాలయమైనా కళ్లకద్దుకుంటుంది.

మీ వంతు అయిపోగానే వెళ్లిపోకండి

ఆన్‌లైన్ ఉత్సవంలో చాలామంది తమ పాట కాగానే ఫోన్ కట్టేస్తారు. మీరు ఆగండి. మిగతావారిని వినండి. చర్లలో ఉన్న మీకు ఎక్కడో సిక్కింలోనో కేరళలోనో మీ వయసు పిల్ల పాడే పాట వినిపిస్తుంది. బస్సు ఖర్చు లేకుండా దొరికిన దేశయాత్ర అది. నచ్చిన అంశం గురించి ఒక్క మాట రాయండి, అదీ వివరంగా. 'సూపర్' అని వదిలేయకుండా 'మీ చివరి చరణంలో గొంతు దించిన తీరు బాగుంది' అనండి. ఎదుటివారి ప్రతిభను చూసి నోరారా మెచ్చుకోగలగడం కూడా సాధనతోనే వస్తుంది.

అమ్మానాన్నలకు, ఉపాధ్యాయులకు

ఫోన్ పట్టుకున్న ప్రతిసారీ 'ఆటలేనా?' అని గద్దించకండి. ఒక గంట పక్కన కూర్చుని ఏం చేస్తున్నారో చూడండి. కొత్త ఫోన్ కోసం అప్పు చేయొద్దు. బడిలో, ఊళ్లో ఉన్న ఒక్క మంచి ఫోన్ పదిమందికి సరిపోతుంది. ఉపాధ్యాయులు పిల్లల పాటను మార్చేయకూడదు. గొంతు సరిదిద్దండి, యాసను కాదు. ఫలితం వచ్చిన రోజు 'ఎందుకు రాలేదు?' అని అడిగే ముందు 'ఏం నేర్చుకున్నావు?' అని అడగండి.

పన్నెండు పాటలు

ఆ అమ్మాయికి బహుమతి రాలేదు. ఫలితం తెలిశాక ఎలా ఓదార్చాలా అని ఆలోచిస్తూనే ఫోన్ చేశాను. తన గొంతులో నేననుకున్న దిగులు లేదు. "అమ్మమ్మ దగ్గర కూర్చుని పాటలు రాస్తున్నా మేడమ్. పన్నెండు అయినయి" అంది. ఇంకా ఉన్నాయా అని అడిగాను. "ఉన్నయట. కానీ ఉత్తగా కూర్చుంటే గుర్తురావట. ఏ పని పాట ఆ పని చేస్తుంటేనే వస్తదట. నాట్ల పాటలకు నాట్లు పడేదాకా ఆగాలంట."

చప్పట్ల కోసం మొదలైన పని చప్పట్లు లేకుండానే సాగుతోంది. పోటీకి పనికొస్తుందా అని అడిగిన పిల్ల ఇప్పుడు పాట కోసం నాట్ల దాకా ఆగుతానంటోంది.

మీరు ఏ పోటీకి పేరిచ్చినా, ఇవ్వకపోయినా ఈ సాయంత్రం ఓ నోటుపుస్తకం తీసుకుని ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. వాళ్ల చేతిలో పని ఆపకండి. ఆ పనిలో మీరూ ఓ చెయ్యి వేయండి. పాట దానంతట అదే వస్తుంది.