మారియప్పన్ దాటిన ఎత్తులు

హైజంపు పోటీలో ఒక విచిత్రమున్నది. అడ్డకర్రను వరుసగా మూడుసార్లు పడగొట్టినవాడు పోటీనుండి తప్పుకొనవలెను. కనుక స్వర్ణపతకము గెలిచినవాని ఆట సైతము సాధారణముగా వైఫల్యముతోనే ముగియును. తమిళనాడులోని సేలం జిల్లావాసి మారియప్పన్ తంగవేలు క్రీడాజీవితమును ఈ దృష్టితో పరిశీలింతము.

1995లో జన్మించిన ఆయన అయిదేండ్ల ప్రాయమున బడికి పోవుచుండగా బస్సు క్రిందపడి కుడికాలు మోకాలి దిగువన నలిగిపోయినది. తల్లి సరోజ కూరగాయలమ్మి సంసారమునీదినది. బెంగళూరులో సత్యనారాయణ అను శిక్షకుడు ఆయనను తీర్చిదిద్దెను. 2016లో రియో పారాలింపిక్సున 1.89 మీటర్లు దూకి స్వర్ణము, 2021లో టోక్యోలో 1.86తో రజతము, 2024లో పారిస్‌లో 1.85తో కాంస్యము సాధించెను.

పతకముల రంగు మాత్రమే చూచువారు దీనిని క్షీణతయందురు. మేమంగీకరింపము. ఎనిమిదేండ్లలో తగ్గినది నాలుగు సెంటీమీటర్లే! పెరిగినది పోటీ, పారిస్ స్వర్ణవిజేత ఎత్తు 1.94. టోక్యోలో వానకు మేజోడు తడిసి, 1.88 వద్ద ఆయన ఆగిపోయెను. 2024 మే నెలలో కోబే నగరమున ప్రపంచ విజేతగా నిలిచినది సరిగా ఆ 1.88 దాటియే.

మన పొరుగున వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవంజి దీప్తి, బుద్ధిమాంద్యము గలవారి విభాగమున, అదే పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యము గెలిచినది. కావున ఇవి దూరపు కథలు కావు. భద్రాచలము అడవిపల్లెలనుండి వచ్చు వికలాంగ విద్యార్థులు మన క్రీడాదినమున ప్రేక్షకులుగా కూర్చుండుటేల? వారికొక హైజంపు పోటీ ఏర్పరచవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము. కావలసినవి రెండు కంబములు, ఒక కర్ర, మెత్తని పరుపు.