తాతయ్య నెల సూది: కరిగిపోయే పాలిమర్ కథ

మా తాతయ్యకి ప్రోస్టేట్ క్యాన్సర్. నెలకోసారి ల్యూప్రోలైడ్ అనే ఇంజెక్షన్ చేయించుకోవాలి. పోయిన సెలవుల్లో ఇంటికెళ్తే, "ఏరా, ఒక్క సూది నెలంతా ఎలా పనిచేస్తుంది? ఈసారి పెళ్లి పనులున్నాయి, రెండు మూడు వారాలు ఆగి వేయించుకుంటే ఏమవుతుంది?" అని అడిగారు. నాకు తెలీదు. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ల్యూప్రోలైడ్ తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. మాత్రగా మింగితే కడుపులోనే అరిగిపోతుంది. సూదిగా ఇచ్చినా ఎక్కువసేపు రక్తంలో నిలవదు. అందుకే అమెరికాలో 1985లో అనుమతి వచ్చినప్పుడు దీన్ని రోజూ పొడుచుకోవాల్సి వచ్చేది. నెలకోసారి వేసే రకం 1989లో వచ్చింది. మందు అదే, దాన్ని మోసే పాలిమర్ కొత్తది.

ఆ పాలిమర్ పేరు పీఎల్‌జీఏ. లాక్టిక్ ఆమ్లం, గ్లైకోలిక్ ఆమ్లం అనే రెండు రకాల పూసలతో గుచ్చిన దండ అనుకోండి. లాక్టిక్ ఆమ్లం మనకి కొత్తేం కాదు, పెరుగులో పులుపు అదే. మందుని ఈ పాలిమర్‌లో ఇమిడ్చి, పొడిలా కనిపించే సూక్ష్మమైన గోళీలుగా చేస్తారు. వాటిని ద్రవంలో కలిపి కండలోకి ఎక్కిస్తారు.

ఒంట్లోని నీరు గోళీలోకి ఇంకి, దండలోని ముడులను తెంపుతూ పోతుంది. సబ్బు పైపైనుంచి అరుగుతుంది కదా, ఇది అలా కాదు. టీలో ముంచిన బిస్కెట్‌లా లోపలంతా తడిసి విడిపోతుంది. ఆ క్రమంలో మందు కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. మిగిలిన ఆమ్లాలను శరీరం చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మార్చి పంపేస్తుంది. ఆపరేషన్ చేసి తీయాల్సింది ఏమీ ఉండదు. మన సీఎస్ఈ భాషలో గార్బేజ్ కలెక్షన్ అన్నమాట.

ఎన్నాళ్లు పనిచేయాలన్నది కూడా దండలోనే ఉంటుంది. లాక్టిక్ పూసలకు నీరంటే అంతగా పడదు, కాబట్టి అవి ఎక్కువైతే కరగడం నెమ్మదిస్తుంది. ల్యూప్రాన్ డిపోలో నెల సూదికి రెండు ఆమ్లాల పాలిమర్ వాడితే, మూడు నెలల సూదికి లాక్టిక్ ఒక్కదానితో చేసింది వాడతారు.

ఇప్పుడు తాతయ్య రెండో ప్రశ్న. మెదడు నుంచి ఇలాంటి హార్మోనే ఆగి ఆగి వస్తుంటుంది. అలా వస్తేనే పిట్యూటరీ గ్రంథి స్పందించి, టెస్టోస్టిరాన్ తయారు చేయమని కబురు పంపుతుంది. ఆ టెస్టోస్టిరానే ఈ క్యాన్సర్‌కి మేత. ల్యూప్రోలైడ్ మాత్రం గ్యాప్ లేకుండా తలుపు కొడుతూనే ఉంటుంది. మొదట్లో గ్రంథి ఇంకా ఎక్కువ స్పందించినా, కొన్ని వారాలకు విసుగొచ్చినట్టు పలకడం మానేస్తుంది. టెస్టోస్టిరాన్ పడిపోతుంది. అంటే వైద్యమంతా మందు తెంపు లేకుండా అందడం మీదే ఆధారపడి ఉంది.

గోళీలు కరిగిపోయాక కొత్తవి పడకపోతే తలుపు కొట్టేవాళ్లు ఉండరు. గ్రంథి మళ్లీ మేలుకోవచ్చు. పెళ్లి ఉందని పాలిమర్ ఆగదు.

ఇదంతా ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే పెళ్లికి ముందే డాక్టర్‌ని అడిగి వేయించుకుంటాలే" అన్నారు. మీ ఇంట్లోనూ ఇలాంటి సూది వాడేవాళ్లుంటే, తేదీ మార్చే ముందు డాక్టర్‌ని అడగమని చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి, అప్పుడే వింటారు.