ప్రభుత్వానికి విదేశీ సరుకు అమ్మాలంటే: ముడి ఫిలిం నేర్పిన పాఠం

ఫిలింనగర్‌లో ఒక నిర్మాతకు విదేశీ కెమెరా అమ్మడం వేరు, అదే కెమెరాను కేంద్ర ప్రభుత్వ సంస్థకు అమ్మడం వేరు. నిర్మాత పనితనం చూస్తాడు, బేరమాడతాడు, అడ్వాన్సు ఇస్తాడు. ప్రభుత్వం ధర కవరు విప్పకముందే ఒక ప్రశ్న వేస్తుంది: ఈ సరుకులో స్వదేశీ వాటా ఎంత? జూబిలీహిల్స్ పరిసరాల్లో విదేశీ పరికరాలతో వ్యాపారం చేసే డీలరు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

సినిమా రంగానికి ఇది బొత్తిగా కొత్త సంగతి కాదు. తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివస్తున్న 1970 దశకంలో ముడి ఫిలిం దిగుమతి ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండేది. మొదట ఫిలిం ఫైనాన్స్ కార్పొరేషన్, 1980లో అది విలీనమయ్యాక జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఈ పని చూశాయి. అంటే ఫిలిం వాడేది నిర్మాతే అయినా, విదేశీ ఉత్పత్తిదారు ఒప్పించవలసింది ప్రభుత్వ సంస్థను.

ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ కథ మరొకటి. 1960లో స్థాపించిన ఈ ప్రభుత్వ రంగ సంస్థ కలర్ ఫిలింను పెద్ద చుట్టలుగా దిగుమతి చేసుకుని, కావలసిన వెడల్పుకు కోసి, 'ఇందు' పేరుతో అమ్మేది. కోత ఊటీది, పూత విదేశానిది. ఇలాంటి సరుకును స్వదేశీ అనాలా, విదేశీ అనాలా? ఈనాటి కొనుగోలు నిబంధనలు దీనికి లెక్క కట్టి జవాబు చెబుతాయి.

2017లో జారీ అయి, 2020 సెప్టెంబరులో సవరించిన 'మేకిన్ ఇండియా' కొనుగోలు ఉత్తర్వు ప్రకారం సరఫరాదారులు మూడు తరగతులు. స్వదేశీ వాటా 50 శాతం, ఆపైన ఉంటే మొదటి తరగతి. 20 నుంచి 50 శాతం లోపు రెండవ తరగతి. 20 శాతానికి తగ్గితే విదేశీ సరఫరాదారే. పన్నులు పోను 10 లక్షల రూపాయల పరికరంలో దిగుమతి భాగాల విలువ 8.5 లక్షలైతే స్వదేశీ వాటా 15 శాతమే. 7 లక్షలకు తగ్గితే 30 శాతమై రెండవ తరగతిలోకి వస్తుంది. రవాణా, బీమా, అమరిక, శిక్షణ, అమ్మకం తరువాతి సేవల ఖర్చులను స్వదేశీ వాటాగా చూపడం కుదరదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

తరగతి ఎందుకంత ముఖ్యం? 200 కోట్ల రూపాయల వరకు కొనుగోళ్లకు ప్రత్యేక అనుమతి లేనిదే గ్లోబల్ టెండరు పిలవరాదని 2020 మేలో కేంద్రం నిర్ణయించింది. కెమెరాలు, దీపాలు, ఎడిటింగు పరికరాల కొనుగోళ్లు అంత మొత్తానికి చేరడం అరుదు. పైగా ప్రపంచ వాణిజ్య సంస్థ ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందంలో భారత్ సభ్యురాలు కాదు, 2010 నుంచి పరిశీలక దేశం మాత్రమే. కాబట్టి ఆ ఒప్పందం పేరు చెప్పి విదేశీ కంపెనీ సమాన హక్కు కోరలేదు.

రెండవ తరగతిలో చేరినంత మాత్రాన ఆర్డరు ఖాయం కాదు. అందరికంటే తక్కువగా 100 రూపాయలు కోట్ చేసిన సంస్థ రెండవ తరగతిదనుకుందాం. మొదటి తరగతి సంస్థ 118 కోట్ చేసినా, తేడా 20 శాతం లోపే గనుక, 100కు ఇవ్వడానికి ఒప్పుకుంటే విభజించడానికి వీలులేని ఆర్డరు దానికే దక్కుతుంది.

ఏజెంటుగా వ్యవహరించే డీలరు మరికొన్ని సంగతులు గమనించాలి. ఒకే టెండరులో విదేశీ కంపెనీ, దాని ఏజెంటు ఇద్దరూ బిడ్ వేయరాదు. ఒకే ఏజెంటు ఇద్దరు ఉత్పత్తిదారుల తరఫున నిలబడరాదు. ధరావతు సాధారణంగా కొనుగోలు అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. విదేశాల నుంచి బిడ్లు కోరే టెండర్లకు కనీసం నాలుగు వారాల గడువు ఇవ్వాలి. 10 కోట్లు దాటిన కొనుగోళ్లలో స్వదేశీ వాటాకు ఆడిటరు ధ్రువపత్రం కావాలి. తప్పుడు ప్రకటన ఇచ్చినవారిని రెండేళ్ల వరకు టెండర్లకు దూరం పెట్టవచ్చు. ఇవన్నీ కేంద్ర నిబంధనలు. రాష్ట్ర ప్రభుత్వాల కొనుగోళ్లకు వేరే నియమాలు ఉంటాయి.

కొటేషను రాయడానికి కూర్చునే ముందే విదేశీ కంపెనీ నుంచి విడిభాగాలవారీగా ధరల పట్టిక తెప్పించుకోవడం డీలరుకు క్షేమం. ఏ భాగం ఇక్కడ తయారు చేయించవచ్చో ఆ పట్టికే చెబుతుంది. అది చూడకుండా ధర తగ్గించుకుంటూ పోతే లాభమూ పోతుంది, ఆర్డరూ రాదు.