టెక్స్‌టైల్ అంటే దారాలు ముడేయడమేనా?

ప్రవేశ పరీక్షల ర్యాంకులు రాగానే తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే: ‘సీఎస్‌ఈ ఎక్కడొస్తుంది సార్? రాకపోతే మేనేజ్‌మెంట్ కోటాకు ఎంతవుతుంది?’ పిల్లలకు ఏది ఇష్టమో కనుక్కునేవాళ్లు తక్కువ. టెక్స్‌టైల్ టెక్నాలజీ మాటెత్తితే చాలు, మొహాలు మాడిపోతాయి. ‘ఇంజినీరింగ్ చదివి మిల్లులో దారాలు ముడేయాలా?’ అంటారు. మగ్గం మీద బతికిన ఇళ్లలో ఈ విముఖత మరీ ఎక్కువ. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల బతుకులు చూసినవాళ్లను తప్పుపట్టలేం. కానీ గిట్టుబాటు కాని కూలినీ, ఏ మగ్గానికి ఏ నూలు ఎక్కాలో తేల్చే ఇంజినీరు ఉద్యోగాన్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

అద్దకం విభాగాన్నే తీసుకోండి. కొనుగోలుదారు ఒక ఎర్ర గుడ్డముక్క పంపుతాడు. సరిగ్గా ఆ ఎరుపునే ముందు ల్యాబ్‌లో చిన్న గుడ్డ మీద తెప్పించాలి. దీన్ని ల్యాబ్ డిప్ అంటారు. ఎండలో ఒకేలా ఉన్న రెండు ముక్కలు షాపు లైటు కింద వేరుగా కనిపించొచ్చు. అందుకే లైట్ బాక్సులో పెట్టి రకరకాల వెలుగుల్లో పోల్చి చూస్తారు. నీటి కఠినత్వం, వేడి, ఉప్పు, సోడా పాళ్లు... వీటిలో ఏది తేడా కొట్టినా సరుకు తిరిగొస్తుంది. కెమిస్ట్రీ అంటే ప్రాణం పెట్టే పిల్లలకు ఇంతకంటే మంచి పని ఏముంటుంది?

కట్టుకునే బట్టతోనే ఈ రంగం ఆగిపోలేదు. కారు ఎయిర్‌బ్యాగు, సీటు బెల్టు, రోడ్ల కింద పరిచే జియోటెక్స్‌టైల్, హెర్నియా ఆపరేషన్‌లో వాడే మెష్ అన్నీ దీని కిందికే వస్తాయి. ఇలాంటివాటినే టెక్నికల్ టెక్స్‌టైల్స్ అంటారు. వీటి కోసం కేంద్రం 2020లో రూ.1,480 కోట్లతో టెక్నికల్ టెక్స్‌టైల్స్ మిషన్‌ను ఆమోదించింది. 2023లో ప్రకటించిన ఏడు పీఎం మిత్ర టెక్స్‌టైల్ పార్కుల్లో ఒకటి మన వరంగల్‌కే దక్కింది.

టెక్స్‌టైల్ అనగానే ఫ్యాషన్ డిజైనింగ్ వైపు పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. రెండూ వేర్వేరు చదువులు. నిఫ్ట్ పేరు చెప్పి హైస్కూలు పిల్లల దగ్గరా కోచింగ్ ఫీజులు గుంజేవాళ్లకు, గుర్తింపు లేని డిప్లొమాను లక్షలకు అమ్మేవాళ్లకు దూరంగా ఉండండి. ఏ కాలేజీలోనైనా ఫీజు కట్టే ముందు ఈ మూడు సంగతులు కనుక్కోండి. పట్టా ఇచ్చేదెవరు? ల్యాబ్‌లో యంత్రాలు నడుస్తున్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా? నిరుడు పాసైనవాళ్లు ఏ కంపెనీలో, ఏ పనిలో ఉన్నారు? ప్లేస్‌మెంట్ పోస్టరు చూసి మాత్రం మోసపోకండి.

అలాగని ఇదేమీ పూలబాట కాదు. సాఫ్ట్‌వేర్ ఆఫర్ లెటర్ పక్కన పెడితే మొదటి జీతం చిన్నబోవచ్చు. కోయంబత్తూరు, తిరుప్పూరు, సూరత్, లూధియానా... ఎక్కడ పనుంటే అక్కడికి వెళ్లాలి. స్పిన్నింగ్ మిల్లులో నైట్ షిఫ్టులుంటాయి. గాలిలో తేమ తగ్గితే దారాలు తెగుతాయి, యంత్రం ఆగితే అర్ధరాత్రి జవాబు చెప్పుకోవాల్సింది షిఫ్టు ఇంజినీరే. పత్తి ధర పెరిగితే మిల్లులకు గడ్డుకాలం.

ఇవన్నీ తెలిసీ చేరాలనుకుంటే, టెక్స్‌టైల్ బీటెక్‌కు ఇంటర్ ఎంపీసీ చాలు. ఐఐటీ ఢిల్లీకి జేఈఈ అడ్వాన్స్‌డ్, జలంధర్ ఎన్ఐటీకి జేఈఈ మెయిన్ రాయాలి. నన్నడిగితే పేరుకోసం ఏదో ఒక సీఎస్‌ఈ సీటు కొనడం కంటే, పదో తరగతి తర్వాత వెంకటగిరి చేనేత సాంకేతిక విద్యాసంస్థలో మూడేళ్ల డిప్లొమా చేసి, ఆపైన బీటెక్‌కు వెళ్లడమే మేలంటాను. చేతికి పని వస్తుంది, నెత్తిన అప్పు ఉండదు.

మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్సు కట్టే ముందు పిల్లల్ని ఒకసారి దగ్గర్లోని మిల్లుకు తీసుకెళ్లండి. అక్కడ మీరు మాట్లాడకండి. యంత్రం దగ్గర ఆగి ‘ఇదెలా పనిచేస్తుంది?’ అని వాళ్లే అడిగితే ఈ కోర్సు గురించి ఆలోచించండి. ఎప్పుడు బయటపడదామా అని చూస్తుంటే ఇంకో దారి వెతుకుదాం. రెండింటిలో ఏదైనా సరే, నాలుగేళ్లు చదవాల్సింది వాళ్లు, మీరు కాదు.