వాన వెలిశాక పెరట్లోకి వెళ్లు

విజయనగరం

చిట్టితల్లీ,

బాబుకి జలుబు తగ్గిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వాడు పుట్టాక నువ్వు కెమెరా బీరువాలో పెట్టేశావని కూడా చెప్పింది. అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

అమెరికాలో ఇమోజెన్ కన్నింగ్‌హామ్ అనే ఆవిడ ఉండేది. ముగ్గురు మగపిల్లలు, అందులో ఇద్దరు కవలలు. ఇల్లు కదిలే వీల్లేక చుట్టూ ఉన్న మొక్కల్నే ఫొటోలు తీసింది. 1925లో ఆవిడ తీసిన మాగ్నోలియా పువ్వుని జనం ఇంకా చూస్తూనే ఉన్నారు. శ్రీకాకుళంలో మీ పెరటికేం తక్కువమ్మా? నందివర్ధనం ఉంది, ఎర్రమందారం ఉంది, నూతి పక్కన చేమ దుబ్బులున్నాయి. పైగా వానాకాలం.

వాన వెలిశాక, ఎండ పొడవకముందు కాసేపు ఉంటుంది చూడు, అదే నీ సమయం. మబ్బు మీదుగా వెలుతురు మెత్తగా, అన్నివైపుల నుంచీ దిగుతుంది. రేకుల మీద ఈనెలు కూడా కనిపిస్తాయి. ఎండొచ్చిందా, తెల్లపువ్వు సున్నం కొట్టినట్టయిపోతుంది.

1979లో స్నేహితుడి యాషికా అడిగి తెచ్చుకుని, ఊటీలో తయారైన ఇందు ఫిల్ము వేసి, మీ అమ్మమ్మ పెంచిన ఎర్రమందారం తీశాను. రీలులో పన్నెండు ఫొటోలూ అదే. కడిగించి చూస్తే పువ్వేదో ఆకేదో తెలీలేదు, రెండూ ఒకే బూడిదరంగు! ఆ రాత్రి అన్నం సయించలేదు. నలుపు తెలుపు ఫిల్ముకి రంగుతో పనిలేదు, దేన్నుంచి ఎంత వెలుతురు వచ్చిందన్నదే లెక్క. తర్వాత లెన్సు ముందు ఎర్ర ఫిల్టరు పెట్టాను. రేకులు తెల్లగా వచ్చాయి, ఆకులు నల్లబడ్డాయి. నీకు ఫిల్టరు అక్కర్లేదు. రంగులోనే తీసి, నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఎరుపు పెంచి ఆకుపచ్చ తగ్గించు. ఒకసారి తిరగేసి కూడా చెయ్యి, నల్లమందారం వస్తుంది. నాకదే ఎక్కువ ఇష్టం.

నందివర్ధనంతో జాగ్రత్త. చుట్టూ ముదురాకు ఎక్కువుంటే కెమెరా చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది, రేకులు మాడిపోతాయి. అప్పుడు నువ్వే ఒక స్టాపు తగ్గించుకోవాలి. ఫ్రేమంతా పువ్వే అయితే కెమెరా దాన్ని మాసిన గుడ్డలా చూపిస్తుంది, అప్పుడు పెంచాలి. గాలికి కొమ్మ ఊగుతుంటే షట్టరు వేగం 1/250 కంటే తక్కువకి దిగకు.

చేమాకు మీద నీటిబొట్టు అంటుకోదు, గుండ్రంగా నిలుస్తుంది. దగ్గరగా చూస్తే అందులో మీ ప్రహరీ గోడ తలకిందులుగా ఉంటుంది. బొట్టు అంచుకి కాదు, ఆ గోడకి ఫోకస్ చెయ్యి.

నీళ్లు చిలకరించి మాత్రం తియ్యకు తల్లీ. వాన పువ్వొక్కదాన్నే తడపదు. కాడ నల్లబడుతుంది, మన్ను నల్లబడుతుంది, వెనకాకు దుమ్ము కూడా పోతుంది. చెంబుతో చల్లితే ఆ వెనకాకే పట్టిచ్చేస్తుంది. అన్నట్టు, కనకాంబరం తీస్తే నలుపు తెలుపులోకి మార్చకు, రంగులోనే ఉండనీ, దాని అందమంతా ఆ రంగే.

దసరా తర్వాత మంగళవారం ఇక్కడ సిరిమాను ఉత్సవం చూడ్డానికి ఎలాగూ వస్తారుగా. వచ్చేటప్పుడు ఒక్క మందారం ప్రింటు వేయించి పట్టుకురా. నా 1979 నాటి బూడిద మందారం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది, తీసి ఉంచుతాను.

మావయ్య